ఎర్ర సిరా నుంచి వెబ్ పేజీ దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు కబురు పెట్టారు. డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు గురించి నాకంటే బాగా రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. కనుక నాకు తెలిసిన పని గురించే రాస్తానన్నాను. ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రభుత్వ కళాశాలల్లో ఇంగ్లీషు లెక్చరరుగా పనిచేశాను. నిజం చెప్పాలంటే పాఠం చెప్పడం కంటే కాంపోజిషన్ నోటుబుక్కులు దిద్దడమే ఎక్కువ చేశాను.

సైకిలు క్యారియరుకు తొంభై నోటుబుక్కుల కట్ట కట్టుకుని ఇంటికి రావడం, భోజనం చేసి ఎర్ర సిరా పెన్ను పట్టుకుని కూర్చోవడం, అదే తప్పును తొంభైసార్లు దిద్దడం మా వృత్తిలో నిత్యకృత్యం. ఉత్తరం ఎలా రాయాలి, పేరా ఎలా కట్టాలి అనే విషయాలపై నోట్సు తయారుచేసి, స్టెన్సిల్ కోయించి, సైక్లోస్టైల్ మిషను మీద తీయించి, బెంచీకి ఒక్క కాపీ చొప్పున పంచేవాణ్ణి. కాగితం పొదుపు కోసం ఆఫీసు గుమాస్తా గారిని బతిమాలుకోవలసి వచ్చేది.

2001 వేసవి చివర అమెరికాలో పరిశోధన చేస్తున్న మా పెద్దమ్మాయి దగ్గరికి వెళ్ళాం. అక్కడ డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులకు రచన నేర్పే కోర్సు ఉంటుంది. చాలా విశ్వవిద్యాలయాల్లో ఆ పనిని పరిశోధక విద్యార్థులకే అప్పగిస్తారు. ఒకనాటి రాత్రి పదకొండు దాటాక కూడా అమ్మాయి కంప్యూటరు ముందు నుంచి లేవలేదు. "ఏం చేస్తున్నావమ్మా?" అంటే, "నా క్లాసుకు వెబ్‌సైటు తయారుచేస్తున్నా నాన్నా. రేపే మొదటి క్లాసు" అంది. తెర మీద చూస్తే నేను స్టెన్సిల్ మీద కోయించిన నోట్సు లాంటిదే ఉంది! ఆ రాత్రి పుట్టిన కుతూహలంతో తరువాత అడిగి, చదివి తెలుసుకున్న చరిత్రనే ఇక్కడ మీ ముందు ఉంచుతున్నాను.

దిద్దుబాటు భారం

రచనను ప్రత్యేక పాఠ్యాంశంగా నేర్పడం అమెరికాలో హార్వర్డ్‌తో ఊపందుకుంది. 1874లో అక్కడి ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు వ్యాసం రాయించడం మొదలుపెట్టారు. కుర్రవాళ్ళ రాత చూసి అధ్యాపకులు నిర్ఘాంతపోయారు. 1885లో 'ఇంగ్లీష్ ఎ' అనే మొదటి సంవత్సరం రచన కోర్సు వచ్చింది. క్రమంగా మిగిలిన కళాశాలలూ అదే దారి పట్టాయి.

కోర్సు పెట్టడం తేలికే. రాసినదాన్ని దిద్దేదెవరు? 1911లో షికాగోలో ఇంగ్లీషు ఉపాధ్యాయుల జాతీయ మండలి ఏర్పడింది. ఆ మరుసటి ఏడాది మొదలైన వారి పత్రిక 'ఇంగ్లీష్ జర్నల్' తొలి సంచికలో కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్విన్ హాప్కిన్స్ ఒక వ్యాసం రాశారు. ఇప్పుడున్న పరిస్థితుల్లో రచనను సరిగ్గా నేర్పడం సాధ్యమా అన్నది ఆయన ప్రశ్న. సాధ్యం కాదన్నదే ఆయన ఇచ్చిన జవాబు. ఒక్కో అధ్యాపకుడికి అంతమంది విద్యార్థులుంటే దిద్దుబాటు మనిషి ఓపికకు మించిపోతుందని ఆయన వాదించారు. 1912లో వచ్చిన ఆ వ్యాసం గురించి తెలుసుకున్నప్పుడు, నా తొంభై నోటుబుక్కుల గురించే రాశారా అనిపించింది.

కళాశాల స్థాయిలో రచన నేర్పేవారు 1949లో తమకంటూ ఒక వేదికను ఏర్పాటు చేసుకున్నారు. రచన తరగతిలో ఇరవై మందికి మించి ఉండకూడదని, పదిహేను మంది ఉంటే మేలని, ఒక అధ్యాపకుడికి సెమిస్టరుకు అరవై మందికి మించి అప్పగించకూడదని ఆ వేదిక 1989లో ప్రమాణాలు ప్రకటించింది. మన తరగతుల సంఖ్యలు తెలిసిన మిత్రులకు ఇది కలలా తోచవచ్చు. అక్కడ కూడా అన్నిచోట్లా అది అమలుకాలేదు.

ఇంతలో విద్యార్థుల తీరూ మారింది. 1970లో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం హైస్కూలు పూర్తిచేసిన నగర విద్యార్థులందరికీ తలుపులు తెరిచింది. ఇంట్లో మొట్టమొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలు వేలసంఖ్యలో వచ్చారు. అక్కడ పనిచేసిన మినా షాగ్నెసీ అనే అధ్యాపకురాలు ఆ పిల్లల వ్యాసాలను వేలకొద్దీ పరిశీలించి 1977లో ఒక పుస్తకం వెలువరించారు. పిల్లల తప్పులు బుద్ధిహీనతవల్ల వచ్చినవి కావు, వాటి వెనుక ఒక తర్కం ఉంటుంది, ఆ తర్కం పట్టుకుంటే నేర్పడం సులువవుతుంది అని ఆమె చూపించారు. ఎర్ర సిరాతో గీత కొట్టి ఊరుకునే నాబోటివాళ్ళకు అది చెంపపెట్టు లాంటి మాట.

బధిర విద్యార్థుల తరగతిలో

కంప్యూటర్లు ఈ రంగంలోకి వచ్చాక 1983లో 'కంప్యూటర్స్ అండ్ కాంపోజిషన్' అనే పత్రిక మొదలైంది. దాన్ని ప్రారంభించినవారు సింథియా సెల్ఫ్, కాథ్లీన్ కీఫర్ అనే ఇద్దరు అధ్యాపకురాళ్ళు. అప్పటికి కంప్యూటరును చాలామంది ఖరీదైన టైపు మిషనుగానే చూశారు. అది వేరే పనికి కూడా వస్తుందని చూపించినది వాషింగ్టన్‌లోని గాలొడెట్ విశ్వవిద్యాలయం. వినికిడి లేని విద్యార్థుల కోసం 1864లో స్థాపించిన సంస్థ అది.

అక్కడి పిల్లల్లో చాలామంది సంజ్ఞా భాషలో ధారాళంగా మాట్లాడుకుంటారు. ఇంగ్లీషు మాత్రం వారికి పుస్తకంలో కనిపించే భాషే. మనం పది మందిలో మాట్లాడి భాష నేర్చుకుంటాం. వారికి ఆ అవకాశం లేదు. 1985లో ట్రెంట్ బాట్సన్ అనే అధ్యాపకుడు తరగతిలోని కంప్యూటర్లను తీగలతో కలిపి, పిల్లలందరూ ఒకేసారి టైపు చేస్తూ ఇంగ్లీషులో సంభాషించుకునే ఏర్పాటు చేశారు. ఒకరు రాసింది వెంటనే అందరి తెరల మీదా కనబడేది. హాస్యాలు, వాదులాటలు, సందేహాలు అన్నీ ఇంగ్లీషులోనే. పిల్లలకు ఇంగ్లీషు మొదటిసారి కబుర్లు చెప్పుకునే భాష అయింది.

ఇదే పద్ధతి తరువాత వినికిడి ఉన్న విద్యార్థుల తరగతులకూ పాకింది. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు పరిశోధక విద్యార్థులు కొందరు కలిసి 'డిడాలస్' అనే ప్రోగ్రాం తయారుచేశారు. నోరెత్తి మాట్లాడడానికి జంకే పిల్లలు తెర మీద ధైర్యంగా అభిప్రాయం చెప్పేవారట. అయితే ఇదంతా ఆ గదిలోని తీగల వరకే. గది దాటితే ఏమీ లేదు.

గోడలు లేని నోటీసు బోర్డు

ఆ గోడను దాటించినది వరల్డ్ వైడ్ వెబ్. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ 1989లో దీన్ని ప్రతిపాదించారు. 1991లో అది బయటి ప్రపంచానికి తెలిసింది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ దీన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చునని ప్రకటించింది. అదే ఏడాది ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో బొమ్మలూ అక్షరాలూ ఒకే పేజీలో చూపే 'మొజాయిక్' బ్రౌజరు వచ్చింది. మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా.

వెబ్ అవకాశాన్ని తొందరగా అందిపుచ్చుకున్నవారిలో రచన నేర్పే అధ్యాపకులు ఉన్నారు. కారణం సులువుగానే అర్థమవుతుంది. అప్పటి వెబ్ అంటే ప్రధానంగా అక్షరాలే. వీరి సరుకూ అక్షరాలే. ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో 1976 నుంచి మ్యూరియల్ హారిస్ ఆధ్వర్యంలో రచనా సహాయ కేంద్రం నడిచేది. విద్యార్థి తన వ్యాసం పట్టుకుని వస్తే పక్కన కూర్చోబెట్టుకుని సలహా చెప్పేవారు. కామా ఎక్కడ పెట్టాలి, ఆధారాలు ఎలా పేర్కొనాలి వంటి విషయాలపై కరపత్రాలు తయారుచేసి ఇచ్చేవారు. 1994లో వాటిని ఇంటర్నెట్‌లో పెట్టారు. దాని పేరులోని మొదటి అక్షరాలు కలిపితే 'ఔల్' అవుతుంది. అంటే గుడ్లగూబ. ఆ కేంద్రం కోసం చేసిన కరపత్రాలను తరువాత ప్రపంచంలోని ఎన్నో దేశాల విద్యార్థులు చదివారు. రచన అధ్యాపకుల కోసం పూర్తిగా వెబ్‌లోనే వెలువడే 'కైరోస్' పత్రిక 1996లో ప్రారంభమైంది.

క్లాసు సైటు కట్టే విధానం

ఆ రోజుల్లో అధ్యాపకుడు క్లాసుకు వెబ్‌సైటు ఎలా పెట్టేవాడో మా అమ్మాయి నాకు అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పింది.

విశ్వవిద్యాలయం తన పెద్ద కంప్యూటరులో ప్రతి అధ్యాపకుడికీ కొంత చోటు ఇస్తుంది. దాన్ని మన కాలేజీ వరండాలో ఒక్కో శాఖకు ఇచ్చే నోటీసు బోర్డు అనుకోండి. అందులో ఒక ఫోల్డరులో పెట్టినవి మాత్రమే బయటివారికి కనిపిస్తాయి. మొదటి పేజీకి 'ఇండెక్స్' అని పేరు పెట్టాలి. ఇంటికి వీధి తలుపు లాంటిది అది. అడ్రసులో అధ్యాపకుడి పేరుకు ముందు టిల్డా అనే వంకర గీత ఉండేది. ఆ గీత కీబోర్డులో ఎక్కడుందో తెలియక తికమకపడే పిల్లలు ఉండేవారట.

పేజీలో మామూలు మాటల మధ్య గుర్తులు పెట్టాలి. ఇక్కడ పేరా మొదలు, ఇక్కడ అక్షరం లావుగా, ఇక్కడ నొక్కితే ఇంకో పేజీ తెరుచుకోవాలి అని చెప్పే గుర్తులవి. వాటినే హెచ్.టి.ఎం.ఎల్. అంటారు. పాత రోజుల్లో ప్రూఫ్ రీడరు మార్జిన్లో కంపోజిటరుకు పెట్టే గుర్తులు చూసినవారికి ఇది కొత్త కాదు. ఇంట్లో తయారుచేసిన పేజీని టెలిఫోను లైను మీద విశ్వవిద్యాలయం కంప్యూటరుకు పంపాలి. ఫైలు పేరులో ఒక పెద్దక్షరం బదులు చిన్నక్షరం పడితే పేజీ తెరుచుకోదు. మా అమ్మాయి ఆ రాత్రి అంతసేపు మేలుకున్నది అలాంటి ఒక్క అక్షరం కోసమే!

ఇక లోపల ఏం ఉండాలి? ముందు కోర్సు వివరాలు, ఏ వారం ఏ పాఠం, ఏ తేదీకి ఏ వ్యాసం ఇవ్వాలి అనే పట్టిక. తరువాత ప్రతి వ్యాసానికీ సూచనలు, మార్కులు వేసే పద్ధతి. ఆపైన గ్రంథాలయానికి, రచనా సహాయ కేంద్రానికి దారులు. అన్నిటికంటే ముఖ్యమైనది విద్యార్థుల వ్యాసాల చిత్తుప్రతులను ఒకరివి ఒకరు చదివి అభిప్రాయం రాసుకునే చోటు. పేజీ అలంకారంగా ఉండనక్కరలేదు, తేదీలు సరిగ్గా ఉంటే చాలు అని ఆమెకు సీనియర్లు చెప్పారట. ఒకసారి పెట్టి వదిలేసిన సైటు పాత క్యాలెండరుతో సమానం.

ఇందులో నన్ను ఆలోచింపజేసిన సంగతి ఒకటి ఉంది. నా విద్యార్థి వ్యాసానికి పాఠకుణ్ణి నేనొక్కణ్ణే. నేను కూడా చదివింది తప్పులు వెతకడానికే. "మా ఊరి సంత" గురించి కుర్రవాడు రాస్తే, ఆ సంత ఎలా ఉంటుందో తెలుసుకోవాలని నేను ఎన్నడైనా చదివానా? మా అమ్మాయి క్లాసులో ఒకరి వ్యాసం తోటివారు చదువుతారు. "ఈ పేరా నాకు అర్థం కాలేదు" అని రాస్తారు. మాస్టారు వంద ఎర్ర గీతలు గీసినా చలించని కుర్రవాడు పక్క బెంచీవాడు అర్థం కాలేదంటే మాత్రం మళ్ళీ రాస్తాడు. దిద్దుబాటు భారం దీనితో పూర్తిగా తీరదు కాని, కొంత పంచుకోబడుతుంది.

పేజీ ఎవరి సొత్తు?

కొత్త నీరు వచ్చినప్పుడు కొంత చెత్త కూడా కొట్టుకొస్తుంది. 1997లో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కళలు, విజ్ఞాన శాస్త్రాల కోర్సులన్నిటికీ వెబ్‌సైటు ఉండి తీరాలని నిర్ణయించింది. ఖర్చు కోసం విద్యార్థుల మీద ప్రత్యేక రుసుము వేసింది. టొరంటోలోని యార్క్ విశ్వవిద్యాలయంలో చరిత్రకారుడు డేవిడ్ నోబుల్ దీన్ని గట్టిగా విమర్శించారు. అధ్యాపకుడు తన అనుభవాన్నంతా పేజీలకెక్కిస్తే, రేపు ఆ పేజీలను యాజమాన్యం తన దగ్గర ఉంచుకుని మనిషిని పంపేయదని నమ్మకమేమిటి అన్నది ఆయన ఆందోళన. ఆయన పనిచేసిన యార్క్‌లోనే 1997లో అధ్యాపకులు దాదాపు రెండు నెలలు సమ్మె చేసి, బోధనలో సాంకేతికత వాడకంపై తమ మాటకు విలువ ఉండేలా ఒప్పందం సాధించుకున్నారు. ఉద్యోగ సంఘాల్లో పనిచేసిన మన మిత్రులకు ఈ పోరాటం విలువ వేరే చెప్పనక్కరలేదు.

క్రమంగా క్లాసు సైట్ల తయారీ పెద్ద వ్యాపారమైంది. కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ అధ్యాపకుడు మర్రే గోల్డ్‌బర్గ్ తయారుచేసిన వెబ్‌సి.టి., 1997లో అమెరికాలో పుట్టిన బ్లాక్‌బోర్డ్ అనే రెండు సంస్థలు ముందు పోటీపడి, 2006లో ఒకటయ్యాయి. అదే ఏడాది బ్లాక్‌బోర్డ్ తనకు దక్కిన పేటెంటు ఆధారంగా మరో సంస్థపై దావా వేసింది. 2008లో జ్యూరీ తీర్పు బ్లాక్‌బోర్డ్ పక్షాన వచ్చినా, 2009లో పై కోర్టు ఆ పేటెంటు హక్కులు చెల్లవంది. ఇంకోవైపు ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డుగియామాస్ 'మూడుల్' అనే ప్రోగ్రాం తయారుచేసి, 2002లో ఎవరైనా ఉచితంగా వాడుకునేలా విడుదల చేశారు. మన దేశంలోని కళాశాలలు కూడా ఎన్నో దాన్ని వాడుకున్నాయి.

సౌకర్యంతోపాటు బాధ్యతలూ వచ్చాయి. 1974 నాటి అమెరికా చట్టం ప్రకారం విద్యార్థి అనుమతి లేకుండా అతని మార్కులు బయటపెట్టకూడదు. కనుక నోటీసు బోర్డు మీద మార్కుల జాబితా అంటించినట్టు వెబ్‌లో పెట్టడానికి వీల్లేదు. చూపులేని విద్యార్థికి కంప్యూటరు పేజీని చదివి వినిపిస్తుంది కాబట్టి, ప్రతి బొమ్మకూ మాటల్లో వివరణ రాయాలన్న మార్గదర్శకాలు 1999లో వచ్చాయి. కాగితం నోట్సు పంచిన రోజుల్లో చూపులేని విద్యార్థి సంగతి నాకు ఒక్కసారైనా తట్టలేదని ఇప్పుడు సిగ్గుతో ఒప్పుకుంటున్నాను.

నిలిచినది, పోయినది

మా అమ్మాయి ఆరేళ్ళపాటు తన క్లాసు సైటును పెంచుకుంటూ వచ్చింది. చదువు పూర్తయి వేరే రాష్ట్రంలో ఉద్యోగంలో చేరింది. కొన్నాళ్ళకు పాత పేజీ తెరిచి చూస్తే అడ్రసు లేదు. విశ్వవిద్యాలయం కంప్యూటర్లు మార్చినప్పుడు వెళ్ళిపోయినవారి ఖాతాలన్నీ తుడిచేశారట. తన దగ్గర ఉన్న ఫ్లాపీల్లో సగం తెరుచుకోలేదు. "పిల్లలు ఒకరికొకరు రాసుకున్న మాటలు పోయాయి నాన్నా, నోట్సు పోతే మళ్ళీ రాసుకుంటాను" అని ఫోనులో చెప్పినప్పుడు ఆమె గొంతు తడబడింది.

ఇది ఆమె ఒక్కదాని కథ కాదు. లక్షలాదిమంది ఉచితంగా పేజీలు పెట్టుకున్న జియోసిటీస్ అమెరికాలో 2009 అక్టోబరులో మూతపడింది. పాత పేజీలను భద్రపరచాలని 1996లో మొదలైన 'ఇంటర్నెట్ ఆర్కైవ్' సంస్థ, వాటిని అందరూ చూసే వీలును 2001లో కల్పించింది. అందులో మా అమ్మాయి సైటు మొదటి పేజీ ఒక్కటి దొరికింది. లోపలి పేజీలు దొరకలేదు.

విచిత్రమేమిటంటే, నేను సైక్లోస్టైల్ తీయించిన నోట్సు ప్రతి ఒకటి మా ఇంటి అటక మీద ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంది. అంచులు పసుపుపచ్చబడ్డాయి, సిరా వెలిసింది, అయినా చదవవచ్చు. అలాగని కాగితమే గొప్పదని నేననను. నా నోట్సు తొంభై మంది దాటి పోలేదు, పర్డ్యూ వారి కరపత్రం ప్రపంచమంతా తిరిగింది. ఒకటి నిలవడానికి, ఒకటి చేరడానికి.

2020 మార్చిలో కరోనా కారణంగా కళాశాలలు మూతపడ్డప్పుడు, పాతికేళ్ళుగా ఈ అధ్యాపకులు ఒక్కొక్క పేజీ కట్టుకుంటూ నేర్చుకున్న విద్యే అందరికీ అక్కరకొచ్చింది. 2022 నవంబరులో చాట్‌జి.పి.టి. వచ్చాక వ్యాసం రాసింది విద్యార్థా, యంత్రమా అనే కొత్త చిక్కు ఎదురైంది. తరగతిలోనే కాగితం మీద రాయించే పద్ధతికి కొందరు అధ్యాపకులు తిరిగి వెళ్ళారు. మా అమ్మాయి కూడా వారిలో ఉంది. "మళ్ళీ మీ ఎర్ర సిరా దగ్గరికే వచ్చాం నాన్నా" అని నవ్వింది. అయితే ఆమె ఆ కాగితాలను ముందు పక్క బెంచీవాడికి ఇచ్చి చదివిస్తుంది. ఆ తరువాతే తాను దిద్దుతుంది.

మిత్రులారా! మనలో ప్రతి ఒక్కరి దగ్గరా ఉద్యోగ జీవితపు అనుభవం మూటలకొద్దీ ఉంది. రెవెన్యూలో పనిచేసినవారికి గ్రామాల చరిత్ర తెలుసు, నీటిపారుదల శాఖవారికి కాలువల చరిత్ర తెలుసు, ఉపాధ్యాయులకు మూడు తరాల పిల్లలు తెలుసు. వాటిని రాయండి. మనుమల చేత కంప్యూటరులో ఎక్కించండి, పది మందికి చేరుతుంది. కాని ఒక ప్రతి కాగితం మీద తీయించి ట్రంకు పెట్టెలో కూడా వేయండి. అన్నిటికంటే ముందు, రాసినదాన్ని ఒక తోటి పింఛనుదారుకు ఇచ్చి చదివించి, ఎక్కడ అర్థం కాలేదో చెప్పమనండి. ఈ వ్యాసాన్ని కూడా నేను అలాగే మా పక్కింటి విశ్రాంత తహసీల్దారు గారికి ఇచ్చాను. ఆయన మూడుచోట్ల అర్థం కాలేదన్నారు. మూడుచోట్లా తిరగరాశాను.